గోడ మూసుకునేలోపు: కొత్త ఇంటికి కెమెరాల వైరింగ్

రంగు వేసి నెల కూడా కాని గోడ మీద, సజ్జ కింద మొదలై కిటికీ పక్కగా పాక్కుంటూ వెళ్లే నల్ల వైరు కనబడిందంటే ఆ ఇంటి కథ సగం తెలిసిపోతుంది. కెమెరాల సంగతి ఇల్లంతా పూర్తయ్యాక గుర్తొచ్చింది. వచ్చినతను గంటలో కెమెరా బిగించాడు, వైరుకు క్లిప్పులు కొట్టుకుంటూ వచ్చాడు, కిటికీ ఫ్రేముకు కన్నం పెట్టి లోపలికి తోశాడు. వానొస్తే ఆ కన్నంలోంచే నీళ్లు దిగుతాయి. దొంగొస్తే ఆ వైరు తెంపడానికి నిచ్చెన కూడా అక్కర్లేదు, కత్తెర చాలు.

ఇల్లు కడుతున్నవాళ్లు కెమెరాల గురించి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఏ కంపెనీది తీసుకోవాలి, ఎన్ని మెగాపిక్సెళ్లది? నన్నడిగితే అది చివర్న తేల్చుకోవాల్సిన సంగతి. కెమెరా అంటే మూడు స్క్రూల మీద వేలాడే వస్తువు. నచ్చకపోతే పది నిమిషాల్లో మార్చేయొచ్చు, కొన్నేళ్లకు ఎలాగూ మారుస్తాం. స్లాబులో పోసిన పైపు మాత్రం ఇల్లున్నన్నాళ్లూ అక్కడే ఉంటుంది. అందుకని కట్టుబడి నడుస్తుండగా నిజంగా తేలాల్సినవి మూడే. ప్రతి కెమెరా ఎక్కడ ఉంటుంది, వాటన్నిటి వైర్లు ఎక్కడ కలుస్తాయి, ఆ రెంటికీ మధ్య పైపు ఏ దారిన వెళ్తుంది. కంపెనీ పేరు, ఫోన్‌లో యాప్, హార్డ్ డిస్కు సైజు, ఇవన్నీ తలుపులు బిగించాక తీరిగ్గా చూసుకోవచ్చు.

చూడాల్సింది మనిషినా, మొహాన్నా?

ప్లాను కాగితం ముందేసుకుని మూలమూలకీ చుక్కలు పెట్టుకుంటూ పోతే పది కెమెరాలు తేలతాయి. వాటిలో సగం ఆకాశాన్నో, ఖాళీ గోడనో చూస్తూ కూర్చుంటాయి. చుక్క పెట్టే ముందు, అక్కడ మనకు ఏం తెలియాలో అనుకోవాలి. ఎవరో వచ్చారని తెలిస్తే సరిపోతుందా, వచ్చిందెవరో మొహం తెలియాలా? ఈ రెండూ ఒకటి కావు. ఎంత తేడా ఉందో చెప్పే లెక్క కూడా ఉంది.

నిఘా కెమెరాల మీద ఐరోపావాళ్ల 2015 నాటి ప్రమాణం ఒకటుంది, ఈఎన్ 62676-4 అని. దృశ్యంలో ఒక మీటరు వెడల్పుకు ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయన్నదే దాని కొలత. మీటరుకు 25 పిక్సెళ్లు పడితే అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుంది. 125 పడితే తెలిసినవాళ్లను పోల్చుకోవచ్చు. ముక్కూమొహం తెలియని మనిషిని అనుమానానికి తావు లేకుండా గుర్తించాలంటే 250 కావాలి.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేద్దాం. 4 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చే బొమ్మ సాధారణంగా అడ్డంగా 2560 పిక్సెళ్లు ఉంటుంది. ఇళ్లకు ఎక్కువగా వాడే 2.8 మిల్లీమీటర్ల లెన్సు దాదాపు 100 డిగ్రీల మేర చూస్తుంది. 4 మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి దగ్గర అది పట్టే వెడల్పు 9.5 మీటర్లు. అంటే మీటరుకు ఇంచుమించు 270 పిక్సెళ్లు. బాగుంది, మొహం తెలుస్తుంది. అదే మనిషి 10 మీటర్ల దూరంలో ఉంటే వెడల్పు 24 మీటర్లకు పెరుగుతుంది, మీటరుకు 107 పిక్సెళ్లే మిగులుతాయి. మనవాళ్లనైనా నడక చూసి పోల్చుకోవాల్సిందే. అదీ పట్టపగలు, లెన్సు మీద దుమ్ము లేనప్పుడు.

మేడ మీద మూలన పెట్టిన ఒక్క కెమెరా ఇల్లంతా కాస్తుందనుకునేవాళ్లకు ఈ లెక్క చూపించాలి. గేటు ఇంటి గోడకు 10 మీటర్ల దూరంలో ఉందనుకోండి. ఇంటి గోడ మీదే 6 మిల్లీమీటర్ల లెన్సున్న కెమెరా ఒకటి విడిగా పెట్టి, దాన్ని గేటుకే అంకితం చేయొచ్చు. అది చూసేది 50 డిగ్రీల మేరే కాబట్టి అంత దూరంలోనూ మీటరుకు 270 పిక్సెళ్ల దాకా పడతాయి. లేదంటే గేటు స్తంభం దాకా నేలలోంచి పైపు వేసి కెమెరాను అక్కడే పెట్టాలి. మొదటి పద్ధతికి గోడలో ఇంకో పాయింటు ఉంటే చాలు. రెండోదానికైతే వాకిట్లో బండలు పరిచేలోపే పైపు నేలలోకి దిగాలి. లెన్సు గురించి మొదలైన మాట కందకం తవ్వడం దగ్గర తేలింది కదా! కెమెరాల వైరింగ్‌లో చిక్కంతా ఇదే. ఎప్పుడో కొనబోయే వస్తువుకు సంబంధించిన నిర్ణయం, ఇప్పుడు నడుస్తున్న పనిలో ఎక్కడో ముడిపడి ఉంటుంది.

నేను పాటించే పద్ధతి చెబుతాను. ఇంట్లోకి రావాలంటే ఎవరైనా దాటక తప్పని చోట్లు మూడో నాలుగో ఉంటాయి: గేటు, వీధి తలుపు, వెనక తలుపు, డాబా మీంచి కిందికి దిగే తలుపు. మొహం పట్టే కెమెరాలు అక్కడ. మిగతావి ఇంటి చుట్టూ ఎవరు తిరుగుతున్నారో చెబితే చాలు. ఒక మోస్తరు ఇంటికి నాలుగు నుంచి ఆరు కెమెరాలు సరిపోతాయి. పైపులు మాత్రం ఎనిమిది చోట్లకు వేయించుకోండి. ఖాళీ పైపు తిండి అడగదు.

ఎత్తు విషయంలో అందరూ చేసే పొరపాటు, ఎవరికీ అందకూడదని మరీ పైకి ఎక్కించడం. 4 మీటర్ల ఎత్తు నుంచి చూసే కెమెరాకు దగ్గరికొచ్చిన మనిషి నడినెత్తి కనబడుతుంది, టోపీ ఉంటే అదీ లేదు. మొహం కావాల్సిన చోట 2.5 నుంచి 3 మీటర్ల మధ్య ఉండాలి. చెయ్యి పెడితే అందుతుందన్న భయం ఉంటే, ఆ కెమెరాను ఇంకో కెమెరా చూసేలా పెట్టుకోవాలి.

సజ్జ దగ్గర ఇంకో సూక్ష్మం ఉంది. ఎండావానా తగలకూడదని కెమెరా పాయింటును సజ్జ కింద బాగా లోపలికి, గోడకూ సజ్జకూ కలిసే మూలకు పెట్టించేస్తారు. పగలు బాగానే ఉంటుంది. రాత్రి కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగేసరికి ఆ వెలుగు తెల్ల సున్నం కొట్టిన సజ్జ అడుగుకు తగిలి తిరిగి లెన్సులోకే వస్తుంది. బొమ్మంతా మంచు పట్టినట్టు తెల్లగా తేలిపోయి, అసలు చూడాల్సిన వాకిలి చీకట్లోకి పోతుంది. పాయింటును సజ్జ బయటి అంచుకు దగ్గరగా ఇవ్వాలి, కాదంటే గోడ మీదే సజ్జకు బాగా కిందుగా ఇవ్వాలి. మొత్తం తేడా రెండడుగులు. పైపు మూతి ఎక్కడ తేలాలో మేస్త్రీకి సుద్దముక్కతో గుర్తు పెట్టి చూపించాల్సిన రెండడుగులు.

చుక్కలు ఖాయం చేసే ముందు కట్టుబడి దగ్గరికి ఒకసారి పొద్దున్నే, ఒకసారి సాయంత్రం, ఒకసారి చీకటి పడ్డాక వెళ్లండి. నిచ్చెనెక్కి, అనుకున్న పాయింటు దగ్గర ఫోను పట్టుకుని ఫోటో తీయండి. ఫోను లెన్సు కెమెరా లెన్సు ఒకటి కాకపోయినా, ఎదురెండ ఎటు కొడుతుందో, ఏ స్తంభం అడ్డొస్తుందో, వీధి దీపం ఎక్కడ పడుతుందో తెలిసిపోతుంది. పక్కింటి కిటికీ మన బొమ్మలో పడుతుంటే ఆ పాయింటు అప్పుడే జరపాలి. తర్వాత జరపాల్సి వస్తే అది వైరింగ్ సమస్యగా ఉండదు, ఇరుగుపొరుగు సమస్య అవుతుంది.

అన్ని దారులూ ఒక్క చోటికే

ఎలక్ట్రీషియన్లకు చేతులకు అలవాటైన పని ఒకటుంది. దీపాలకూ ప్లగ్గులకూ వైరు లాగేటప్పుడు ఒక పాయింటు నుంచి ఇంకో పాయింటుకు లూపు కలుపుకుంటూ పోతారు. అక్కడ అది సరైన పనే. నెట్‌వర్క్ కేబుల్‌కు అది కుదరదు. ప్రతి కెమెరా దగ్గరి నుంచి ఒక్కో కేబుల్, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా, విడివిడిగా ఒకే చోటికి చేరాలి. ఈ మాట మొదటి రోజే చెప్పకపోతే రెండు కెమెరాలకు ఒకే పైపు, ఒకే వైరు వచ్చి కూర్చుంటాయి. వాటిని విడదీయడానికి గోడ పగలాలి.

ఆ ఒక్క చోటు, అంటే కెమెరాలు పట్టిన బొమ్మలు దాచే రికార్డరు ఉండే చోటు, ఎక్కడ? హాల్లో టీవీ కింద పెట్టాలని చాలామందికి ఉంటుంది, బొమ్మ చూసుకోవడానికి సులువని. దొంగకూ సులువే. వెళ్తూ వెళ్తూ రికార్డరును చంకన పెట్టుకుపోతే మన కెమెరాలన్నీ ఏమీ చూడనట్టే. ఫోన్‌లో, టీవీలో ఎలాగూ చూడొచ్చు కాబట్టి రికార్డరు కళ్లెదుట ఉండాల్సిన అవసరం లేదు. లోపలి గదిలో తాళం పడే అల్మరా మంచిది. కానీ గాలాడని అరలో పెట్టి తలుపు మూసేస్తే హార్డ్ డిస్కు వేడికి ముందే చస్తుంది. తలుపుకు జాలీ పెట్టించాలి. బాత్రూము గోడకు ఆనుకున్న అర వద్దు, తేమ దిగుతుంది. ఇంటర్నెట్ లైను ఇంట్లోకి ఎక్కడ వస్తుందో అక్కడి నుంచి ఈ అరకు రెండు కేబుళ్లు, అరలో నాలుగు ప్లగ్ పాయింట్లు, వాటికి బ్యాకప్ లైను నుంచి కరెంటు. పైపులన్నీ వచ్చి తేలడానికి ఒక పెద్ద బాక్సు, ప్రతి కేబుల్‌కూ అక్కడ కనీసం ఒకటిన్నర మీటరు మిగులు. ఎలక్ట్రీషియన్లు జానెడు వదిలి కత్తిరించేస్తారు. ఆ జానెడుతో ఏ పనీ కాదు.

రెండు జాతుల కేబుళ్లు

కెమెరా వైరింగ్‌లో రెండు పద్ధతులున్నాయి. పాతది కోయాక్సియల్ కేబుల్‌ది: బొమ్మ ఒక కేబుల్‌లో వస్తుంది, కరెంటు దాని పక్కనే 12 వోల్టుల సన్న తీగల్లో వెళ్తుంది, చివర్న డీవీఆర్ అనే రికార్డరు ఉంటుంది. కొత్తది నెట్‌వర్క్ కేబుల్‌ది: బొమ్మ, కరెంటు, మాట, అన్నీ ఒకే కేబుల్‌లో వెళ్తాయి, చివర్న ఎన్‌వీఆర్ అనే రికార్డరు ఉంటుంది. ఈ రెండోదాన్నే పీఓఈ అంటారు, పవర్ ఓవర్ ఈథర్‌నెట్.

కొత్తగా కడుతున్న ఇంటికి మొదటిదాన్ని నేను సిఫార్సు చేయను. కారణం ఒక పాత అనుభవం. ఇంతకుముందు ఉన్న ఇంట్లో వెనకవైపు కెమెరా పగలంతా బుద్ధిగా పనిచేసేది. సాయంత్రం చీకటి పడగానే ఆరిపోయేది, మళ్లీ వెలిగేది, మళ్లీ ఆరిపోయేది. కెమెరా పాడైందని మార్చారు. కొత్తదీ అదే పని. చివరికి మీటరు పట్టుకుని నిచ్చెనెక్కాను. పగలు కెమెరా దగ్గర 11.2 వోల్టులు ఉన్నాయి. చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగిన క్షణంలో 9.7కు పడిపోయింది.

జరిగిందేమిటంటే, రికార్డరు నుంచి ఆ కెమెరాకు 30 మీటర్ల దూరం. కరెంటు పోయిరావాలి కాబట్టి లెక్కకు 60 మీటర్ల తీగ. అందులో వాడింది 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దాని నిరోధం కిలోమీటరుకు 39 ఓములు. 60 మీటర్లకు 2.3 ఓములు. పగలు కెమెరా లాగేది మూడోవంతు ఆంపియరు కాబట్టి ముప్పావు వోల్టు పోయేది. రాత్రి ఒక ఆంపియరు దాకా లాగేసరికి 2.3 వోల్టులు దారిలోనే ఆవిరి. కెమెరా సొమ్మసిల్లి పడిపోయేది, పడగానే దీపాలారి వోల్టేజీ పెరిగేది, మళ్లీ లేచేది. తప్పు కెమెరాది కాదు, గోడలో ఉన్న సన్న తీగది. గోడలో ఉన్నదాన్ని మార్చలేక అక్కడే ఇంకో అడాప్టరు పెట్టుకుని బతికాం.

పీఓఈలో ఈ బాధ ఎందుకు ఉండదంటే, అక్కడ కరెంటు 50 వోల్టుల ప్రాంతంలో వెళ్తుంది. వోల్టేజీ నాలుగింతలైతే అంతే పనికి కరెంటు నాలుగో వంతు చాలు. అదే 12 వాట్ల కెమెరా పావు ఆంపియరుతో సరిపెట్టుకుంటుంది. అదే 30 మీటర్ల దూరంలో నెట్‌వర్క్ కేబుల్‌లో పోయేది ఒక వోల్టు కూడా ఉండదు. 37 వోల్టులకు దిగినా పరికరం పనిచేయాలని ప్రమాణంలోనే రాశారు. 2003లో వచ్చిన మొదటి ప్రమాణం, ఐఈఈఈ 802.3ఏఎఫ్, స్విచ్ (కెమెరాల కేబుళ్లన్నీ తగిలించే పెట్టె) వైపు నుంచి పోర్టుకు, అంటే ఒక్కో కేబుల్ తగిలే కన్నానికి, 15.4 వాట్లు ఇస్తుంది. మామూలు ఇంటి కెమెరాకు అది చాలు. గుండ్రంగా తిరిగే పెద్ద కెమెరాలకు 2009 నాటి 802.3ఏటీ, 30 వాట్లది, కావాలి. 2018లో వచ్చిన 802.3బీటీ 90 వాట్ల దాకా వెళ్తుంది కానీ ఇంటి కెమెరాలకు దాని అవసరం రాదు. స్విచ్ కొనేటప్పుడు పోర్టుకు ఎన్ని వాట్లన్నదే కాక మొత్తం మీద ఎన్ని వాట్లన్నదీ చూడాలి. ఎనిమిది పోర్టులున్న చిన్న స్విచ్‌లు కొన్ని, ఎనిమిదింటికీ నిండుగా ఇవ్వలేవు.

ఇంకో మంచి సంగతి: ప్రమాణం ప్రకారం చేసిన స్విచ్, అవతలి పరికరం కరెంటు తీసుకునేదా కాదా అని ముందు చిన్న వోల్టేజీతో పలకరించి, సరైన జవాబు వస్తేనే 50 వోల్టులు వదులుతుంది. పొరపాటున లాప్‌టాప్ తగిలించినా కాలిపోదు. 'పాసివ్' అని రాసి ఉన్న వస్తువులకు ఈ మర్యాద లేదు, అడక్కుండానే కరెంటు తోస్తాయి. వాటి జోలికి పోవద్దు.

పీఓఈతో అన్నిటికంటే పెద్ద లాభం కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది. ఆరు కెమెరాలు, రికార్డరు, రౌటరు కలిపి రాత్రిపూట 80 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటాయి. కెమెరాలకు విడివిడిగా బ్యాకప్ ఇవ్వనక్కర్లేదు. ఆ ఒక్క అరలో చిన్న యూపీఎస్ ఉంటే ఇల్లంతా కళ్లు తెరుచుకునే ఉంటుంది.

మరి వై-ఫై కెమెరాలు ఉండగా ఇదంతా ఎందుకంటారా? వై-ఫై కెమెరాకైనా కరెంటు వైరు కావాలి కదా. ఎలాగూ ఒక వైరు లాగుతున్నప్పుడు అన్నీ మోసే వైరే లాగొచ్చు. బ్యాటరీతో నడిచేవి సాధారణంగా కదలిక తెలిసినప్పుడే లేచి రికార్డు చేస్తాయి, మిగతా సమయం నిద్రే. అద్దె ఇళ్లకు అవి మేలు. గోడలు మన చేతిలో ఉన్నప్పుడు అవి రెండో రకమే.

ఏ కేబుల్? స్వచ్ఛమైన రాగిది, లోపల సన్న పోగులు కాక ఒంటి తీగలుండే క్యాట్ 6 రకం. బొమ్మ వరకైతే క్యాట్ 5ఈ కూడా చాలు, ఒక్కో కెమెరాకు కావాల్సింది సెకనుకు కొద్ది మెగాబిట్లే. కానీ గోడలోకి వెళ్లేదానికి ఒక మెట్టు పైదే వేయడం నయం. క్యాట్ 6ఏ, క్యాట్ 7 అని పైపైకి అమ్మజూస్తారు. అవి లావు, వంగవు, కెమెరాకు ఒరిగేదేమీ లేదు.

ఇక్కడ జరిగే మోసం సీసీఏ. అల్యూమినియం తీగకు పైన రాగి పూత. బయటికి చూస్తే అచ్చం రాగే. అల్యూమినియం రాగిలో అరవై శాతం పైచిలుకే కరెంటును ప్రవహించనిస్తుంది, నాలుగుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది, పీఓఈ భారానికి వేడెక్కుతుంది. నెట్‌వర్క్ కేబుళ్ల ప్రమాణాలు దాన్ని ఒప్పుకోవు. పరీక్ష సులువు: ఒక తీగ చివర బ్లేడుతో గీకి చూడండి. ఎంత గీకినా ఎర్రగానే ఉంటే రాగి. లోపల తెల్లగా మెరిస్తే ఆ చుట్ట వెనక్కి పంపేయండి. గోడలోకి వెళ్లకముందే ఈ గీకుడు జరగాలి, ఎదురుగా నిలబడి.

ఎండ తగిలే చోట కేబుల్ పైతొడుగు ఎండకు ఓర్చే పాలిథీన్‌ది కావాలి. ఇంట్లో వాడే మామూలు పీవీసీ తొడుగు ఎండకు పెళుసై పగుళ్లిస్తుంది. నేలలో వెళ్లేదానికి నీరు చొరకుండా లోపల జెల్ నింపినది వేయాలి. పైపు ఉందిగా అనుకోవద్దు. నేలలోని పైపులోకి ఏదో ఒకనాటికి నీళ్లు చేరతాయి.

పైపే అసలు ఆస్తి

కేబుల్‌ను నేరుగా గోడలో పూడ్చి సిమెంటు పూసేసే పని ఎంతమాత్రం వద్దు. పైపు ఉంటే పాతది లాగి పారేసి కొత్తది తోసుకోవచ్చు. రేపు ఇంకేదో కేబుల్ వచ్చినా దారి మిగులుతుంది.

25 మిల్లీమీటర్ల పైపు తీసుకోండి. క్యాట్ 6 కేబుల్ 6 మిల్లీమీటర్ల చిల్లర లావుంటుంది. పైపు లోపలి జాగాలో నలభై శాతానికి మించి కేబుళ్లు నింపకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ లెక్కన ఇందులో నాలుగు హాయిగా పడతాయి, ఐదోది ఏడిపిస్తుంది. స్లాబులో వెళ్లే పైపులు ఇనుము కట్టడం అయ్యాక, కాంక్రీటు పోసే ముందు వేయాలి. గంపలు మోసేవాళ్ల కాళ్ల కింద పడి నలగకుండా ఇనుముకు కట్టించాలి. కాంక్రీటు పోసే రోజు అక్కడ ఒక మనిషి ఉంటే మంచిది. పైపు మూతులన్నీ ముందే బిరడా పెట్టి ఉంచాలి, లేదంటే పాలసిమెంటు లోపలికి దిగి గట్టిపడుతుంది. అలా మూసుకుపోయిన పైపు ఉన్నా లేనట్టే.

వంపుల దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే అసలు పని చెడేది ఇక్కడే. మా ఇంట్లో డాబా తలుపు కెమెరాకు వేసిన పైపులో మూడు ఎల్బోలు పెట్టారు, అవీ నీళ్ల పైపుల్లో వాడే లంబకోణపు రకం. కేబుల్ మొదటి ఎల్బో దాటింది. రెండో దాని దగ్గర, కేబుల్‌ను లాగడానికి పైపులోకి పంపే స్ప్రింగు ఆగింది. ఇటునుంచి ఒకరు తోస్తూ, అటునుంచి ఒకరు లాగుతూ, సబ్బు నురగ పూసి గంటసేపు కుస్తీ పట్టారు. కేబుల్ వచ్చింది, చప్పట్లు కొట్టాం. రికార్డరుకు తగిలిస్తే బొమ్మ రాలేదు. ఎనిమిది తీగల్లో రెండు లోపలే తెగాయి. నెట్‌వర్క్ కేబుల్‌ను 11 కిలోల బలానికి మించి లాగకూడదు, దాని లావుకు నాలుగింతల వ్యాసార్థం కంటే ఇరుగ్గా వంచకూడదు. ఇద్దరు మగాళ్లు కాళ్లు తన్నిపట్టి లాగితే అది ఎన్ని కిలోలవుతుందో వేరే చెప్పాలా? చివరికి మధ్యలో గోడ పగలగొట్టి ఒక జంక్షన్ బాక్సు పెట్టాక గానీ పని కాలేదు. ఒక బాక్సుకూ ఇంకో బాక్సుకూ మధ్య లంబకోణపు వంపులు రెండుకు మించకూడదు. అవైనా పొడుగ్గా తిరిగే బెండ్లు కావాలి, ఎల్బోలు కాదు. మూడో వంపు తప్పదంటే అక్కడో బాక్సు.

కరెంటు పైపులోనే కెమెరా కేబుల్ కూడా తోసేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోవద్దు. బొమ్మ ఆగి ఆగి రావొచ్చన్నది చిన్న సంగతి. కరెంటు వైరు తొడుగు ఎక్కడైనా చెడితే మెయిన్స్ కరెంటు నేరుగా కెమెరా కేబుల్‌లోకి దిగి, మనం చేత్తో పట్టుకునే పెట్టె దాకా వస్తుంది. పైపులు వేరు, బాక్సులు వేరు. పక్కపక్కన వెళ్లాల్సి వస్తే 30 సెంటీమీటర్లు ఎడం ఉంచండి. ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

దూరం సంగతి పెద్ద ఇళ్లకే. రాగి నెట్‌వర్క్ కేబుల్‌కు హద్దు 100 మీటర్లు. గోడలో 90, రెండు చివర్ల తగిలించే తీగలకు 10 అని లెక్క. తోట చివరనున్న వేరే కట్టడానికి కేబుల్ వేయాలంటే రాగి కంటే ఫైబర్ మంచిది. పిడుగు దగ్గర్లో పడినప్పుడు రెండు కట్టడాల నేల వోల్టేజీల్లో తేడా వచ్చి, వాటిని కలిపే రాగి తీగలోంచి కరెంటు పరిగెత్తి రెండు వైపులా పరికరాలను కాల్చేస్తుంది. గాజు పోగులోంచి కరెంటు వెళ్లదు.

బయటి చివర

కేబుల్ గోడలోంచి బయటపడే చోట నీళ్లు చొరని జంక్షన్ బాక్సు పెట్టి, ప్లగ్గు దాని లోపల ఉండేలా చూడాలి. కెమెరా తోకకు వేలాడే కనెక్టరును ఊరికే టేపు చుట్టి వదిలేస్తే ఒక వానాకాలం ఆగుతుంది. రెండో వానాకాలానికి లోపలి పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. బాక్సులోకి వెళ్లే ముందు కేబుల్ కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి, నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. పైపు బయటికి కొద్దిగా వాలుగా ఉండాలి, లోపలికి కాదు. ఈ వాలు సంగతి సుద్దతో గీసినా అర్థం కాదు, మట్టం పెట్టించి చూడాల్సిందే.

చాలామందికి తట్టని సంగతి ఇంకోటుంది. గేటు స్తంభం మీద ఉన్న ఆ కేబుల్ మన ఇంటి నెట్‌వర్క్‌లోకి తెరుచుకున్న తలుపు. కెమెరా ఊడదీసి అదే తీగను లాప్‌టాప్‌కు తగిలించినవాడు, ఏర్పాటు సరిగ్గా లేకపోతే, మన హాల్లో కూర్చున్నట్టే. అందుకే కెమెరాలను ఇంటి కంప్యూటర్లున్న నెట్‌వర్క్‌లో కలపకూడదు. వెనక సొంతంగా పీఓఈ పోర్టులున్న ఎన్‌వీఆర్ తీసుకుంటే సాధారణంగా కెమెరాలు దాని లోపలి నెట్‌వర్క్‌లోనే ఉండిపోతాయి. విడి స్విచ్ అయితే వీల్యాన్, అంటే అదే స్విచ్‌లో కెమెరాలకు విడి నెట్‌వర్క్, చేయించుకోవాలి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చాలి. 2016లో మిరాయ్ అనే పురుగు లక్షల కెమెరాల్లోకీ, రికార్డర్లలోకీ జొరబడింది కేవలం ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే. ఆ అక్టోబరులో ఆ పరికరాల మందనే ఉసిగొల్పి వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డైన్ అనే సంస్థ మీద దాడి చేస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందకుండా పోయాయి. కెమెరాల యజమానులకు ఏ సంగతీ తెలియదు.

హార్డ్ డిస్కు లెక్క ఒక్క ముక్కలో: సెకనుకు 4 మెగాబిట్ల కెమెరా రోజుకు 43 గిగాబైట్లు రాస్తుంది. ఆరు కెమెరాలు నెల రోజులు ఆపకుండా రాస్తే 8 టెరాబైట్లకు కొంచెం తక్కువ. తగ్గించుకునే మార్గాలు చాలా ఉన్నాయి, గోడకు వాటితో పని లేదు.

గోడలో పైపుల గాళ్లు పూడ్చే ముందు రోజు

కేబుళ్లు లాగడం పూత పనులు అయ్యాక పెట్టుకోవడం మంచిది. పైపులు మాత్రం అంతకుముందే పరీక్షించాలి. ప్రతి పైపులోంచీ స్ప్రింగు ఈ చివర నుంచి ఆ చివరకు పోయిందా అన్నది కళ్లతో చూడండి. పోయిన ప్రతిదాంట్లో నైలాను తాడు ఒకటి వదిలేయండి, ఈ రోజు వాడని పైపుల్లో కూడా. కేబుల్ లాగాక రెండు చివర్లా ఒకే అంకె రాసి అంటించండి. రంగులు వేసేవాళ్లు బయటి చివరను రంగుతో కప్పేస్తారు కాబట్టి, దానికి అంగుళంన్నర లోపల ఇంకోసారి రాయండి. ఎనిమిది దీపాల చిన్న టెస్టరు ఒకటి చేతిలో ఉంచుకుని కనెక్టరు వేసిన ప్రతి కేబుల్‌నూ చూడండి. ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలు వరసలో వెలగాలి. ఒక్కటి తప్పినా ఆ రోజే తేల్చుకోండి, ఎలక్ట్రీషియన్ ఇంకా అక్కడే ఉంటాడు.

ఆఖరు పని ఫోటోలు. గాళ్లు పూడ్చకముందే ప్రతి గోడకూ, స్లాబు పోసే ముందు పైకప్పుకూ. ఊరికే తీస్తే పనికిరావు, పూత పడ్డాక ఏ గోడ ఏదో తెలియదు. కొలత టేపును నేల నుంచి పైకి, మూల నుంచి అడ్డంగా పరిచి, అంకెలు కనబడేలా తీయాలి. గోడ మీద సుద్దతో గది పేరు రాయాలి. నా ఫోన్‌లో అలాంటివి నలభై దాకా ఉన్నాయి. ఇంట్లోకి వచ్చిన ఏడాదికి గీజరు బిగించడానికి ఒకతను వచ్చాడు. పెన్సిలుతో గుర్తు పెట్టి డ్రిల్లు ఎత్తాడు. ఆగమని, ఫోటో తెరిచి చూపించాను. టేపు మీద 82 దగ్గర పైపు ఉంది. అతని గుర్తు 83 దగ్గర ఉంది. తలగోక్కుని, గుర్తు చెరిపేసి, జానెడు పక్కకు జరిపాడు.